పదిని వదిలేసిన లెక్క

పోయిన వారం ఒక సాయంత్రం తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని గోంగూర తుంచుకుంటున్నాను. పక్కనే చాప మీద మా మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, ఫోను గోడకు ఆనించి లెక్కల పాఠం వింటున్నది. పాఠం చెప్పే అబ్బాయి ఎవరో గాని చిన్నవాడే, గొంతు ఇంకా పూర్తిగా ముదరలేదు. భిన్నాలున్న సమీకరణం ఒకటి వేసి, హారాలు తీసేసి, జవాబు దాకా గబగబా వెళ్ళిపోయాడు. అంతలో ఆగాడు. "అయ్యో, సారీ అమ్మా, నేనే తప్పు రాశాను. చివరి పదాన్ని గుణించడం మరిచిపోయాను. ఎవరో కామెంట్లో చెప్పారు, థాంక్యూ నాన్నా," అని తుడిచేసి మళ్ళీ రాసుకుపోయాడు. మొత్తం అర నిమిషం పట్టిందేమో. మా మనవరాలు తలెత్తి కూడా చూడలేదు, తన నోటుబుక్కులో ఒక గీత కొట్టి కింద మళ్ళీ వేసుకున్నది. నేను మాత్రం చేతిలో గోంగూర కాడ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆ అబ్బాయి చేసిన తప్పు, అదే పాఠంలో, అదే చోట, నలభై అయిదేళ్ళ కిందట నేనూ చేశాను. తప్పు అని ఒప్పుకోవడానికి అతనికి అర నిమిషం పట్టింది. నాకు ఎంత కాలం పట్టిందో, ఈలోగా ఏం జరిగిందో మా ఇంట్లో వాళ్ళకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నా వయసు వాళ్ళు, ముఖ్యంగా బడుల్లో పనిచేసి రిటైరైన వాళ్ళు ఇది చదువుతారని తెలుసు గనుక మీకు చెబుతున్నాను.

మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. మా నాన్న మా చర్చిలో ఉపదేశి, ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజులు పొలం పనికి పోయేవాడు. మా అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళి నన్ను డిగ్రీ దాకా చదివించింది. నేను చదివింది వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం. బి.ఎడ్. అయిన ఏడాదికే బాపట్ల నుంచి సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. చేరిన మొదటి వారమే స్టాఫ్ రూము తలుపు దగ్గర ఒక మాట చెవినపడింది. మాలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు సబ్జెక్టు రాకపోయినా ఉద్యోగాలు మాత్రం వస్తాయని ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్నాడు. నన్ను చూసి మాట మార్చాడు, కుర్చీ కూడా జరిపి కూర్చోమన్నాడు. నేను నవ్వుతూ కూర్చున్నాను. కానీ ఆ రోజు నుంచి నాకు రానిది ఏదైనా ఉంటే అది ఎవరి కంటా పడకూడదని ఒక పట్టుదల, నిజం చెప్పాలంటే ఒక భయం, నన్ను పట్టుకున్నది.

చేరిన మూడో నెలలో లెక్కల మాస్టారికి కామెర్లు వచ్చి దీర్ఘకాలం సెలవు పెట్టారు. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి ఎనిమిదో తరగతి లెక్కలు చూడగలవా అమ్మా అని అడిగితే, రావండి అనడానికి నోరు రాక సరేనండి అన్నాను. పదో తరగతిలో నాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి గాని, అవి బట్టీ మార్కులు. గుణకారాలు, గళ్ళు, మెట్లు, ఏది తరువాత ఏది రాయాలో గుర్తుంచుకోవడమే తప్ప ఎందుకు రాయాలో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. భిన్నాలుంటే హారాలకు క.సా.గు. కట్టి హారాలు తీసేయాలి అన్న ఒక్క వాక్యం మటుకు నాకు బాగా గుర్తున్నది. ఆ వాక్యం పట్టుకుని క్లాసులోకి వెళ్ళాను.

పుస్తకంలో లెక్క వేస్తే గైడు చూసి చెబుతున్నదని అనుకుంటారేమోనని, నా సొంత లెక్క ఒకటి తయారు చేసుకుని వెళ్ళాను. ఒక సంఖ్యలో సగమూ, అదే సంఖ్యలో మూడో వంతూ కలిపితే పది, ఆ సంఖ్య ఎంత? ఎక్స్ బై రెండు ప్లస్ ఎక్స్ బై మూడు ఈక్వల్ టు పది అని బోర్డు మీద పెద్దగా రాశాను. రెండుకూ మూడుకూ క.సా.గు. ఆరు. హారాలు పోయాయి, ఎడమ పక్కన మూడు ఎక్స్, రెండు ఎక్స్ వచ్చాయి. కుడి పక్కన పది, దానికి కింద హారం లేదు గనుక దానితో నాకు పని లేదనుకుని అలాగే దింపాను. ఐదు ఎక్స్ ఈక్వల్ టు పది, ఎక్స్ ఈక్వల్ టు రెండు. జవాబు మిగులేమీ లేకుండా వచ్చేసరికి నాకే ముచ్చటేసింది. అందరూ రాసుకున్నారు.

ఆడపిల్లల వరసలో రెండో బెంచీ చివర ఒక అమ్మాయి కూర్చునేది. సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి నడిచి వచ్చేది. వాళ్ళ నాన్న పడవ మీద వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఆ అమ్మాయి మాట్లాడగా నేను అంతవరకూ వినలేదు. ఆ రోజు లేచి నిలబడింది.

"టీచర్ గారండి, రెండు గంపల్లో సగమంటే ఒక గంపండి. మూడో వంతంటే గంప కూడా రాదండి. రెండూ కలిపినా రెండు గంపలు నిండవు గదండి, పది గంపలు ఎట్టా అయినాయండి?"

గొంతులో ఎదిరింపు లేదు. తెలియక అడిగిన పిల్లలాగే అడిగింది. నేను బోర్డు వైపు తిరిగాను. అప్పుడే ఒక్క క్షణం ఆగి ఆ జవాబు రెండును ఎక్స్ ఉన్న చోట పెట్టి చూసుకుంటే సరిపోయేది, ఆ మాత్రం నాకు వచ్చు. కానీ నాకు బోర్డు కనిపించలేదు, స్టాఫ్ రూము తలుపు కనిపించింది. వెనక్కి తిరిగి, నలభై మంది వింటుండగా, "నువ్వు బడికి లెక్కలు నేర్చుకోవడానికి వచ్చావా, చేపలు పంచుకోవడానికి వచ్చావా? నీకు లెక్కలు రావు, కూర్చో," అన్నాను.

క్లాసంతా నవ్వింది. ముక్కు మూసుకుని నవ్విన వాళ్ళు కూడా ఉన్నారు. నేను ఆపలేదు. ఆ అమ్మాయి కూర్చుని, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి ఎక్కించుకున్నది. మా అమ్మ కూలి డబ్బుతో కుట్టించిన పరికిణీ కట్టుకుని బడికి వెళ్ళినప్పుడు నన్ను చూసి ఇలాగే నవ్విన వాళ్ళున్నారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో తెలిసి కూడా నేను ఇంకొక పిల్ల మీదికి దాన్ని తోలాను.

ఆ శుక్రవారం చిన్న పరీక్ష పెట్టాను. అలాంటివే మూడు లెక్కలు, మొదటిది బోర్డు మీద చెప్పినదే. సాయంత్రం బడిలోనే కూర్చుని దిద్దుతున్నాను. అందరి కాగితాల్లోనూ రెండు, రెండు, రెండు. ఆ అమ్మాయి కాగితంలో మాత్రం పన్నెండు. ఎక్స్ లేదు, క.సా.గు. లేదు. ఒక పొడవాటి గీత గీసి దాన్ని ఆరు భాగాలు చేసింది. సగమంటే మూడు భాగాలు, మూడో వంతంటే రెండు భాగాలు, మొత్తం ఐదు భాగాలు పది అయితే ఒక భాగం రెండు, ఆరు భాగాలు పన్నెండు అని పక్కన మాటల్లో రాసింది. మిగతా రెండు లెక్కలూ అలాగే చేసింది. నేను ఎర్ర కలం పక్కన పెట్టి పన్నెండును సరిచూశాను. పన్నెండులో సగం ఆరు, మూడో వంతు నాలుగు, కలిపితే పది. ఆ ఒక్క కాగితం రైటంటే, దిద్దిన నలభై కాగితాలూ తప్పు, నా బోర్డు తప్పు, నేను తప్పు. చివరికి ఆ మూడు లెక్కల మీదా అడ్డంగా గీత కొట్టి, కింద పద్ధతి తప్పు అని రాశాను.

మర్నాడు శనివారం, ఒంటిపూట బడి. కాగితాలు పంచేసి, మధ్యాహ్నం బాపట్లలో ప్యాసింజరెక్కి తెనాలి వెళ్ళాను. మా మేనమామ అక్కడ లెక్కల మాస్టారు, పిల్లలకు చెప్పినట్టే పెద్దలకూ ఓపికగా చెప్పే మనిషి. ఆయన ముందు నా లెక్క రాసి, ఎక్కడ తప్పిందో చూడు మామయ్యా అన్నాను. ఆయన చూసి నవ్వాడు.

"పంక్తిలో కూర్చున్నాక అందరికీ వడ్డించాలి కదమ్మా. ఆరుతో గుణిస్తే ప్రతి పదాన్నీ గుణించాలి. హారం ఉన్న ఇద్దరికీ వడ్డించి, హారం లేదని ఈ పది ముందున్న ఆకు ఖాళీగా వదిలేశావేంటి?"

అంతే. అంత చిన్న విషయం. పదిని ఆరుతో గుణిస్తే అరవై, ఐదు ఎక్స్ ఈక్వల్ టు అరవై, ఎక్స్ పన్నెండు. ఆ అమ్మాయి గీసిన ఆరు భాగాల గీతే నా క.సా.గు. ఆరు అని కూడా అప్పుడే తెలిసింది. అది తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పిల్లలకు ఇంకా చెప్పలేదుగా అని మామయ్య అడిగాడు. ఇంకా లేదు మామయ్యా అన్నాను. సొంత మేనమామ, నేను తప్పు చెప్పానంటే ఏమీ అనేవాడు కాదు. అయినా ఆయనకు కూడా చెప్పలేకపోయాను.

సోమవారం క్లాసులోకి వెళ్ళి, పోయినసారి మీరంతా ఒక మెట్టు తప్పుగా ఎక్కించుకున్నారు, నోటుబుక్కుల్లో దిద్దుకోండి అని చెప్పి లెక్క మళ్ళీ మొదటినుంచి చేశాను. పంచేసిన పరీక్ష మార్కుల జోలికి మాత్రం వెళ్ళలేదు. నలభై మందీ ఒకేసారి ఒకే మెట్టు తప్పు ఎలా రాసుకుంటారని ఒక్కరూ అడగలేదు. టీచరుగారు చెప్పారు గనుక తామే తప్పు రాసుకున్నామని నమ్మి దిద్దుకున్నారు. బోర్డు మీద ఎక్స్ ఈక్వల్ టు పన్నెండు అని రాసి వెనక్కి తిరిగేసరికి రెండో బెంచీ చివర ఆ అమ్మాయి నా వైపే చూస్తున్నది. కోపం లేదు ఆ చూపులో. ఏదో అర్థం కానట్టు చూస్తున్నది.

ఆ రోజు ఇంటర్వెల్లో పరీక్ష కాగితం మడిచి చేత్తో పట్టుకుని స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఏంటమ్మా అన్నాను. "ఈ లెక్కలు ఒక్కసారి చూస్తారేమోనండి," అన్నది. లోపల ఆ పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు. తర్వాత చూద్దాం అన్నాను. సరేనండి అన్నది గాని వెళ్ళలేదు, గంట కొట్టేదాకా అలాగే నిలబడింది. నేను ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను. గంట కొట్టాక తల ఎత్తి చూస్తే లేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పది రోజులకు హెడ్మాస్టరు గారు ఒక స్కాలర్‌షిప్పు పరీక్షకు ఎనిమిదో తరగతి నుంచి లెక్కల్లో గట్టి పిల్లలు ఇద్దరి పేర్లు ఇవ్వమన్నారు. ఆ క్లాసులో లెక్కలు నిజంగా వచ్చిన పిల్ల ఎవరో నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు. కానీ పేరు ఇవ్వాలంటే మార్కులు మార్చాలి, మార్చాలంటే ఎందుకో చెప్పాలి. మార్కుల వరసలో పైనున్న రెండు పేర్లు రాసి ఇచ్చేశాను. ఆ ఇద్దరూ మంచి పిల్లలే, వాళ్ళను అనడానికి లేదు. ఎండాకాలం సెలవుల తర్వాత ఆ అమ్మాయి తొమ్మిదో తరగతికి రాలేదు. వాళ్ళ నాన్న వేటకు నిజాంపట్నం వైపు వెళ్ళిపోయాడనీ, ఇల్లు కూడా అటే మార్చారనీ చెప్పారు. స్కాలర్‌షిప్పు వచ్చి ఉంటే చదివేదేమో, అయినా మానేసేదేమో. నా వల్లే అనలేను. నా వల్ల కాదనీ అనలేను.

ఆ తరువాత నేను లెక్కలు నిజంగా నేర్చుకున్నాను. రెండేళ్ళ పాటు శనివారం శనివారం తెనాలి వెళ్ళి మామయ్య దగ్గర కూర్చున్నాను. పరీక్షలు రాసి లెక్కల టీచరుగానే మారాను. భిన్నాలు టీచరమ్మ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరని పేరు కూడా వచ్చింది. పన్నెండు ఆకుల పంక్తి గీసి, అందరికీ వడ్డించాలర్రా అని చెబితే పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకునేవాళ్ళు. ఇప్పటికీ రైల్లోనో, పెళ్ళిళ్ళలోనో పాత విద్యార్థులు కనిపించి ఆ పంక్తి లెక్క గుర్తు చేస్తారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా ఆ విద్య నాకు ఎవరిని వదిలేసినందువల్ల వచ్చిందో గుర్తుకొచ్చి మాట మారుస్తుంటాను. మా అమ్మకు ఎంత వినయమో అని మా పిల్లలు అనుకుంటారు.

పోయిన ఏడు రేపల్లెలో మా చెల్లెలి మనవడికి బాప్తిస్మం అంటే వెళ్ళాను. ముందు రోజు పొద్దున్నే చెల్లెలు నన్ను చేపల మార్కెట్టుకు తీసుకెళ్ళింది. ఒక చోట జనం మూగి ఉన్నారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, జుట్టు ముడి వేసుకుని, కత్తిపీట ముందు కూర్చుని పెద్ద పండుగొప్ప చేపను ముగ్గురికి పంచుతున్నది. ఒకామెకు సగం కావాలి, ఇంకొకాయనకు మూడో వంతు, మిగిలింది మూడో ఆయనకు. మీకు ఆరో వంతొస్తదండి, తల కూడా మీకే వేస్తానులెండి అంటూ కత్తి రెండుసార్లు దించింది. కాటాలో వేస్తే ముగ్గురి ముక్కలూ చెప్పినట్టే తూగాయి. ఆరో వంతు అన్న మాట విన్నప్పుడే నాకు ఆ కాగితం మీది ఆరు భాగాల గీత గుర్తుకొచ్చింది. నేను ధర అడిగేసరికి ఆమె చేయి ఆపి నా ముఖంలోకి చూసింది.

"టీచర్ గారు కాదాండి? గొంతు మారలేదండి మీది," అన్నది. తానెవరో తానే చెప్పింది, చెప్పనవసరం లేకపోయినా. లేచి పీట వేసి కూర్చోబెట్టింది, టీ తెప్పించింది. మా చెల్లెలితో, మా టీచర్ గారండి, చాలా బాగా చెప్పేవారండి అన్నది. పిల్లలు ఏం చదివారని చెల్లెలు అడిగితే నవ్వింది.

"ఏం చదువులండి. నాకే లెక్కలు రాలేదు, వాళ్ళకేం వస్తయండి. చిన్నప్పుడు టీచర్ గారే చెప్పారండి నాకు రావని. అప్పుడు అర్థమైందండి, మా ఇంట్లో చేసుకునే లెక్క వేరు, బళ్ళో లెక్క వేరని. మాది బళ్ళో చెల్లదని ఊరుకున్నా."

దెప్పిపొడుపు కాదు అది. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నలభై నాలుగేళ్ళ పాటు ఆమె ఆ మాట నమ్ముకుని బతికిందని అప్పటిదాకా నాకు తోచనే లేదు. నా తప్పు ఆమెకు తెలుసని, నన్ను అసహ్యించుకుంటూ ఉంటుందని అనుకునేదాన్ని. అది కూడా ఒక రకంగా నాకు ఓదార్పుగా ఉండేది. టీ గ్లాసు కింద పెట్టి, మార్కెట్టు మధ్యలో, మా చెల్లెలు వింటుండగా, ఆ రోజు బోర్డు మీద నేనే తప్పు చేశానమ్మా, నువ్వడిగింది సరైన ప్రశ్న, నీ కాగితం దిద్దేటప్పుడే నాకు తెలిసింది, తెలిసీ తప్పని రాశాను అని చెప్పాను. మార్కెట్టు గోలలో సగం మాటలు ఆమెకు వినిపించాయో లేదో.

ఆమె నీళ్ళలో చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగింది.

"అయితే నేను రాసింది రైటేనాండి?"

"రైటేనమ్మా."

"మూడూనాండి?"

"మూడూ."

ఆమె తల ఊపింది. కొంగుతో చేతులు తుడుచుకున్నది. బుట్టలో ఉన్న చేపలను అటూ ఇటూ సర్దింది. "అప్పుడే చెప్పాల్సిందండి," అన్నది చివరికి, మెల్లగా. తరువాత వెనకనుంచి ఎవరో పిలిస్తే అటు తిరిగి, ఎంత కావాలండి అని అడిగింది. నేను ఇంకొంచెంసేపు కూర్చుని లేచాను. వెళ్ళొస్తానమ్మా అంటే ఊఁ అన్నది గాని తల ఎత్తలేదు. ఇంటికి వెళ్ళే దారిలో మా చెల్లెలు నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

నెలకొకసారి మేము రిటైరైన టీచర్లమంతా తెనాలిలో కలుస్తాం. టిఫిన్లయ్యాక మాటలు ఎక్కడ మొదలైనా ఒక చోటికే వస్తాయి. ఆ రోజుల్లో టీచరంటే భయమూ భక్తీ ఉండేవి, ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ఎదురు అడుగుతారు, క్లాసంతా గోల అని అంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే తల ఊపాను. ఇప్పుడు బళ్ళకు గచ్చు నేలలు వచ్చాయి, సబ్జెక్టుకొక టీచరు ఉన్నారు, పాలెం పిల్లలు సైకిళ్ళ మీద వస్తున్నారు. మా కాలంలో క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉండేదో అని మావాళ్ళు బెంగగా చెప్పుకుంటారు. నిజమే, సూది పడితే వినిపించేది. సరైన జవాబు తెలిసి కూడా ఆ నిశ్శబ్దంలో ఎంతమంది పిల్లలు నోరు మూసుకుని కూర్చున్నారో ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్క పిల్ల సంగతి, అదీ ఆమె నోరు తెరిచి అడిగింది గనుక.